ముహూర్తానికి ముందు వకీలు

పెళ్ళి మాటలు నడుస్తున్న ఇంట్లో లాయరు పేరెత్తితే, బయల్దేరేటప్పుడు ఎవరో తుమ్మినట్టు చూస్తారు. రెండేళ్ళ కిందట విజయవాడలో మా దగ్గరి బంధువుల ఇంట్లో అదే జరిగింది. తాంబూలాలు పుచ్చుకోవడం అయిపోయింది. ముహూర్తం ఇంకా 11 రోజులుంది. హాల్లో ఆడవాళ్ళు శుభలేఖల అంచులకు పసుపు రాస్తున్నారు. అమ్మాయి ఫోనుకి డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గర్నుంచి 23 పేజీల పీడీఎఫ్ వచ్చింది.

తండ్రి బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. అప్పు పత్రంలో ఒక్క అంకె తేడా వచ్చినా పట్టుకునేవాడు. ఆయనే, "అమెరికా వాళ్ళకి కాగితాల పిచ్చి ఎక్కువమ్మా, సంతకం పెట్టి పంపించెయ్" అన్నాడు. అమ్మాయి పంపలేదు. చివర్లో ఉన్న ఆస్తుల పట్టిక తెరిచి నాకు చూపించింది. ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న పిల్ల. కొంపల్లిలో సగం అప్పు తీరిన ఫ్లాటుంది, అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరుంది. పట్టికలో ఆమె పేరు కింద ఒకటే మాట టైపు చేసి ఉంది: 'ఏమీ లేదు.'

"ఏమీ లేదట, చూడు బాబాయ్" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ప్రీనప్ అని అందరూ అంటున్న ఈ పెళ్ళికి ముందు ఒప్పందం గురించి మన దగ్గర రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, అది మన సంప్రదాయం కాదని. రెండోది, ఇండియాలో అది చెల్లదని. రెండూ సగం సగం నిజాలు. వెతుక్కుంటూ పోతే మిగతా సగాలే ఆసక్తిగా ఉన్నాయి.

సంప్రదాయం సంగతి ముందు చూద్దాం. బేరం లేని పెళ్ళిళ్ళు మనం ఎన్ని చేశాం? కట్నమెంత, లాంఛనాలెంత, ఆడపడుచుకి ఎంత, ఎన్ని కాసుల బంగారం, పసుపుకుంకుమల కింద ఏ పొలం, మగపెళ్ళివారికి విడిది ఎక్కడ... ఇవన్నీ పెద్దమనుషుల ఎదుట తేలాకే లగ్నపత్రిక రాసుకుంటారు. అందులో చాలా భాగం నోటిమాటే. పసుపుకుంకుమల కింద నోటితో ఇచ్చిన పొలాల మీద అన్నదమ్ములూ ఆడపడుచులూ కోర్టులకెక్కిన కథలు మన జిల్లాల్లో ఊరికొకటి దొరుకుతాయి. అంటే పెళ్ళికి ముందు ఒప్పందం మనకు కొత్త కాదు. ఆ ఒప్పందంలో విడిపోతే ఏమిటన్న మాట ఒక్కటే ఎప్పుడూ ఉండదు.

ఇల్లరికం సంగతి ఇంకా విచిత్రం. 1901లో కలకత్తా హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. అత్తగారింట్లోనే ఉంటానని, భార్యను అక్కణ్ణుంచి తీసుకుపోనని ఒక వరుడు పెళ్ళికి ముందే రాసిచ్చాడు. కొన్నాళ్ళకి చెడింది. అతను బయటికొచ్చి భార్యను కాపరానికి పంపించమని దావా వేశాడు. ఆ రాతకోతలు హిందూ ధర్మానికీ ప్రజా విధానానికీ విరుద్ధమని, చెల్లవని కోర్టు తేల్చింది. ఈనాటికీ ఇండియాలో ప్రీనప్ చెల్లదని వాదించే ప్రతి లాయరూ తీసే మొదటి పుస్తకం ఇదే. మరి అదే కాలంలో ఇటు మద్రాసు హైకోర్టు ఏం చేసింది? రెడ్ల, కమ్మల ఇళ్ళలో ఉన్న ఇల్లరికాన్ని ఆచారంగా ఒప్పుకుంది. మామగారు ఫలానా వాటా ఇస్తానని ముందే ఒప్పుకుని అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటే, ఆ ఒప్పందాన్ని బట్టి అల్లుడికి ఆస్తి ఇప్పించింది. పైగా ఇల్లరికం రుజువు కావాలంటే అలాంటి ఒప్పందం ఉండి తీరాలంది. రెండు కేసుల్లో చట్టపరమైన ప్రశ్న ఒకటి కాదు. ఒకటి భార్యాభర్తల కాపరం గురించి, రెండోది మామ ఆస్తిలో అల్లుడి వాటా గురించి. అయినా చదివేవాడికి ఒకటి తోస్తుంది. పెళ్ళికి ముందు రాసుకున్న మాటంటేనే కోర్టులకు పడదనడం సరికాదు. ఆచారం అండ ఉన్న మాట నిలిచింది, అది లేనిది పడిపోయింది.

ఇక చెల్లుబాటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదంటుంది. హిందూ వివాహం సంస్కారమే గాని కాంట్రాక్టు కాదన్న భావం దానికి తోడు. 1955లో హిందూ వివాహ చట్టం విడాకులు తెచ్చింది. 1976లో ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే 13బి సెక్షన్ చేరింది. విడిపోయే రోజున కూర్చుని ఎవరికెంతో రాసుకుంటే కోర్టు ముద్ర వేసి ఇస్తుంది. అదే మాట పెళ్ళినాడు రాసుకుంటే తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2023లో ఢిల్లీలో ఒక ఫ్యామిలీ కోర్టు విడాకులు మంజూరు చేస్తూ, ఇలాంటి ఒప్పందాలు తప్పనిసరి చేసే సమయం వచ్చిందని వ్యాఖ్యానించింది. అది వ్యాఖ్యే, చట్టం కాదు.

కాని ఇండియా అంతా హిందూ వివాహ చట్టమే కాదు కదా. హైదరాబాదు పాతబస్తీలో నికానామా మీద సంతకం పెట్టే వధువు కాంట్రాక్టు మీదే సంతకం పెడుతోంది. మెహర్ ఎంతో అందులో ఉంటుంది. షరతులు రాసుకునే వీలుంది. భర్త ఇంకో పెళ్ళి చేసుకుంటే తనకు తానుగా విడాకులు తీసుకునే అధికారాన్ని కూడా భార్యకు అప్పగించి రాసుకోవచ్చు. వీలున్నా ఆ ఖాళీలు నింపేవాళ్ళు తక్కువ. గుంటూరు, కృష్ణా జిల్లాల క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 40వ సెక్షన్లో పెళ్ళికి ముందు చేసుకున్న సెటిల్‌మెంట్ల ప్రస్తావనే ఉంది. విడాకులిచ్చాక కోర్టు వాటిని పరిశీలించి, ఆ ఆస్తి ఎవరికి ఉపయోగపడాలో చెప్పొచ్చు. క్రైస్తవులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దవుతుంది. హిందువులకు ఆ నియమం లేదు.

అన్నిటికన్నా పెద్ద మినహాయింపు గోవా. అక్కడ 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ కుటుంబ వ్యవహారాల్లో ఇంకా నడుస్తోంది. గోవా వాళ్ళకి, మతం ఏదైనా, పెళ్ళితో ఇద్దరి ఆస్తీ ఉమ్మడి అవుతుంది, సగం సగం. అలా వద్దనుకునే జంట పెళ్ళికి ముందే అధికారి ఎదుట దస్తావేజు రాసుకోవాలి. తర్వాత మార్చడానికి లేదు. అంటే ప్రీనప్ ఇండియాలో చెల్లదని అడ్డంగా చెప్పేవాళ్ళు మన దేశంలోనే ఉన్న ఒక రాష్ట్రాన్ని మరిచిపోతున్నారు.

గోవాని చూశాకే నాకు అసలు విషయం బోధపడింది. అమెరికాలోనో ఇంగ్లండులోనో విడాకులప్పుడు భార్యాభర్తల ఆస్తిని చట్టం పంచుతుంది. ప్రీనప్ ఆ పంపకాన్ని తగ్గించడానికో తప్పించడానికో పుట్టిన కాగితం. ఉన్నవాడు లేనివాళ్ళ నుంచి కాపాడుకునే గొడుగు. మన దగ్గర గోవా తప్ప దాదాపు ఎక్కడా పంచడానికి చట్టమే లేదు. ఎవరి పేరున ఉన్నది వాళ్ళదే. ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపిన భార్యకు భర్త కట్టిన ఇంట్లో విడాకుల రోజున వాటా రాదు. మనోవర్తి వస్తుంది, అది కూడా కోర్టు దయతలచినంత. దీన్ని కొంత మార్చడానికి తెచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. 2014లో లోక్‌సభ రద్దయ్యేసరికి అది కూడా మురిగిపోయింది.

కాబట్టి ఆడపిల్ల వైపు నుంచి చూస్తే అక్కడ ప్రీనప్ ఉన్నదాన్ని కోసేది. ఇక్కడ దాన్ని ఒప్పుకుంటే, లేనిదాన్ని రాయించుకునేది కాగలదు. మన ఆడవాళ్ళ సంఘాలు ప్రీనప్‌ను అనుమానంగా చూడటంలో న్యాయం లేకపోలేదు. బలమున్నవాడే కలం పట్టుకుంటాడన్న భయం అది. డల్లాస్ నుంచి వచ్చిన ఆ 23 పేజీలు చూసినవాణ్ణి కాబట్టి ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కాని 'అస్సలు వద్దు' అనేస్తే కలం పట్టుకునే అవకాశం ఆడపిల్లకూ పోతుంది. ఇప్పుడు ఆమె దగ్గరా రాసుకోవలసినవి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కిచ్చింది. కేంద్రం 2005లో దేశమంతటికీ ఇచ్చింది. స్త్రీధనం సరేసరి. భార్య నగలు భర్త బీరువాలో ఉన్నా అవి ఆమెవేనని, ఆమె అడిగినప్పుడు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అవి ఏవో, ఎన్నో ఎక్కడా రాసి లేకపోవడమే చిక్కు.

అలా రాసుకోవడానికి చట్టమే ఒక కాగితం ఇచ్చిందని ఎంతమందికి తెలుసు? వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం పెళ్ళిలో వచ్చిన కానుకలకు జాబితా ఉండాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువెంత, ఇచ్చినవారెవరు, వారు ఏమవుతారు... కింద వధూవరులిద్దరి సంతకాలు. చదివింపుల పుస్తకంలో 'ఫలానా వారు 516' అని రాయించే శ్రద్ధలో పదోవంతు దీనికి పెడితే చాలు. ఫ్యామిలీ కోర్టులో ఈ జాబితా లేకపోవడం వల్లే నగల గొడవ నీ మాటా నా మాటా అయి కూర్చుంటుంది.

ఇంకో వింత. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసులకు ఒక పద్ధతి పెట్టింది. భార్యాభర్తలిద్దరూ జీతం, ఆస్తులు, అప్పులు, నెలసరి ఖర్చులు పూర్తిగా అఫిడవిట్‌లో చెప్పాలి. మంచి పద్ధతే. కాని ఎదుటివాడి అప్పులెన్నో తెలుసుకునే మొదటి అవకాశం విడిపోయే రోజున రావడమేమిటి? పిల్లవాడి ప్యాకేజీ ఎంతో పెళ్ళిచూపుల్లోనే చెబుతారు. పర్సనల్ లోన్ ఎంతుందో మధ్యవర్తి కూడా చెప్పడు.

లాయరుని పెట్టుకోవాలా అన్న ప్రశ్నకొస్తే, మూడు దేశాల మూడు కేసులు నాకు బాగా పనికొచ్చాయి. బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ 1988 ఫిబ్రవరిలో పెళ్ళికి ముందురోజు ఫీనిక్స్‌లో కాబోయే భార్య చేత ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. ఆమె స్వీడన్ నుంచి వచ్చింది. ఇంగ్లీషు అంతంత మాత్రం, తన తరఫు లాయరు లేడు. మర్నాడు లాస్ వేగాస్‌లో పెళ్ళి. 2000లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లుతుందంది. ఆ తీర్పు తర్వాత శాసనసభ చట్టం మార్చింది. ఇప్పుడు అక్కడ ఒప్పందం చివరి రూపం చేతికొచ్చాక ఏడు రోజులు గడవందే సంతకం పెట్టించకూడదు. సొంత లాయరు లేకుండా భరణం వదులుకున్నట్టు రాస్తే ఆ వాక్యం చెల్లదు.

రెండోది ఇంగ్లండులో 2010 నాటి రాడ్‌మాకర్ కేసు. జర్మనీ కోటీశ్వరురాలు, ఫ్రెంచి బ్యాంకరు. 1998లో జర్మనీలో ఒక నోటరీ ముందు రాసుకున్నారు. అతను విడిగా లాయరుని అడగలేదు. ఏం రాసుకుంటున్నాడో తెలిసే రాసుకున్నాడు కాబట్టి ఆ ఒప్పందానికి విలువ ఇవ్వాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

మూడోది ఆస్ట్రేలియాలో 2017 నాటిది. థోర్న్, కెన్నెడీ అన్నవి కోర్టు పెట్టిన మారుపేర్లు. ఇంటర్నెట్‌లో పరిచయమై, పెళ్ళాడటానికి దేశం దాటి వచ్చిన ఆమెను పెళ్ళికి కొద్దిరోజుల ముందు అతనే లాయరు దగ్గరికి పంపాడు. ఆ లాయరు మంచి మనిషి. ఇది చాలా అన్యాయమైన ఒప్పందం, సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పింది. అయినా ఆమె పెట్టింది. పెళ్ళి దుస్తులు కుట్టేశారు, చుట్టాలు దిగిపోయారు, తిరిగి వెళ్ళడానికి ఆమెకు ఇల్లు లేదు, వీసా లేదు. హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఆ ఒప్పందాన్ని కొట్టేసింది.

లాయరు లేని రెండు నిలిచాయి, లాయరు ఉన్నది పడిపోయింది. దీనర్థం లాయరు దండగ అని కాదు. లాయరు ఉన్నా వద్దనడానికి వ్యవధి లేకపోతే ఆ సలహా వినబడదు. శుభలేఖలు పంచేశాక వచ్చే కాగితం ఏ దేశంలోనైనా అనుమానాస్పదమే. మన ఎన్నారై పెళ్ళిళ్ళ లెక్క చూడండి: మూడు వారాల సెలవు, మొదటి వారం షాపింగ్, రెండో వారం పెళ్ళి, మూడో వారం తిరుపతి, అత్తవారి ఊరు. కాలిఫోర్నియా అడిగే ఏడు రోజులు అందులో ఎక్కడ పడతాయి?

అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ మూడూ పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే రాష్ట్రాలు. ప్రీనప్ లేకపోతే అబ్బాయి కంపెనీ షేర్లలో, ఇంట్లో అమ్మాయికి సగం దాకా హక్కుంటుంది. అక్కడి నుంచి వచ్చిన కాగితంలో ఏం తీసేస్తున్నారో చూడాలంటే ముందు ఈ లెక్క తెలియాలి. న్యూజెర్సీ అయితే ఆస్తుల జాబితా జతపరచాలంటుంది. సొంత లాయరుని సంప్రదించే హక్కు వదులుకుంటే ఆ సంగతి కూడా రాతలో ఉండాలంటుంది. ఇంకొకటి. భార్య గ్రీన్‌కార్డు కోసం భర్త పూచీపడుతూ సంతకం పెట్టే ఐ-864 ఫారం వేరే బాధ్యత. దారిద్ర్యరేఖకు 125 శాతం ఆదాయం మేరకు ఆమెను పోషించాలన్న ఆ మాట విడాకులతో పోదు, ప్రీనప్‌తో కూడా పోదని అక్కడి అప్పీలు కోర్టు ఒకటి 2016లో చెప్పింది. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్ళే పిల్లకు ఆ రక్షణ లేదు. విడాకులైతే ఆ వీసా కూడా పోతుంది.

అక్కడి తీర్పు ఇక్కడ చెల్లుతుందా అంటే అది వేరే గొడవ. 1991లో సుప్రీంకోర్టుకొచ్చిన కేసు మనవాళ్ళదే. 1975లో తిరుపతిలో పెళ్ళి, మిసోరీలో విడాకులు, తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి. ఆ విడాకులు ఇక్కడి చట్టం ప్రకారం చెల్లవని కోర్టు అంది. అమెరికా కాగితాన్ని నమ్ముకుని ఇక్కడ నిశ్చింతగా ఉండకూడదు, ఇక్కడ చెల్లదు కదా అని అక్కడ సంతకం పారేసుకోకూడదు. రెంటికీ లాయరు కావాలి. టెక్సాస్ కాగితం మీద సలహా చెప్పగలిగేది టెక్సాస్‌లో ప్రాక్టీసున్న లాయరే. విజయవాడ లాయరు ఎంత గొప్పవాడైనా 'చూస్తాను' అనడం తప్ప చెయ్యగలిగింది తక్కువ. అబ్బాయి లాయరే ఇద్దరికీ చూస్తాడంటే ఒప్పుకోవద్దు. ఒక వకాల్తా ఇద్దరికీ పనికిరాదు.

ఇక్కడే ఉండే జంట లాయరు దగ్గరికెళితే ప్రీనప్ రాసిమ్మనడం కన్నా చేయించుకోదగ్గ పనులున్నాయి. ఇద్దరూ కలిసి కొనే ఫ్లాటు సేల్ డీడులో ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాయించుకోవడం, తల్లిదండ్రులు ఇచ్చేది ఇస్తే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్ట్ డీడుగా అమ్మాయి పేరునే రిజిస్టరు చేయించడం, ఇంతకుముందు చెప్పిన కానుకల జాబితా. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన చెల్లని ఒప్పందం చెల్లుబాటు కాదు. మనోవర్తి అడగనని భార్య రాసిచ్చినా అంతే. ఆ హక్కు రాసిచ్చేస్తే పోయేది కాదని కోర్టులు పదే పదే చెప్పాయి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో పుట్టకముందే రాసుకున్నా అంతే, కోర్టులు దానికి కట్టుబడవు.

చివరికి ఒక ప్రమాదం. తెలియనివాడు రాసిన ప్రీనప్‌లో 'వధువు తండ్రి వివాహ సందర్భంగా వరుడికి ఇచ్చు స్థలం' అని ఒక పేరా దొర్లిందంటే, అది వరకట్న నిషేధ చట్టం కింద సాక్ష్యం. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ళ జైలు. కట్నం ఒప్పందం ఎలాగూ చెల్లదని అదే చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. దాచుకోవలసిన నేరాన్ని మనమే స్టాంపు పేపరు మీద రాసి సంతకం చేసినట్టు.

విజయవాడ ఇంటికి తిరిగి వస్తాను. అమ్మాయి డల్లాస్‌లో ఒక లాయరుని వెతికి వీడియోలో మాట్లాడింది. ఈ కాగితం మీద పెళ్ళిలోపు సంతకం పెట్టొద్దని, ముందు పట్టిక సరిగ్గా నింపమని ఆవిడ చెప్పింది. ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ప్రింటు తీసిన పేజీలో 'ఏమీ లేదు' కొట్టేసి పక్కన చేత్తో రాయడం మొదలెట్టింది. ఫ్లాటు, మిగిలిన అప్పు, పీఎఫ్, ఫిక్స్‌డ్ డిపాజిట్. వాళ్ళమ్మ కాసులపేరు తూకం చీటీ ఎక్కడో డబ్బాలోంచి తీసుకొచ్చింది. చీటీ మీద తూకం తులాల్లో ఉంది, గ్రాముల్లోకి మార్చడానికి కాసేపు పట్టింది. తండ్రి తలుపు దగ్గర నిలబడి చూస్తూ చూస్తూ లోపలికొచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళ అలవాటుగా వెనక నుంచి పేజీలు తిప్పాడు. అబ్బాయి ఆస్తుల పట్టిక దగ్గర ఆగాడు. ఆ పేజీ మీద శీర్షిక ఉంది, కింద 'తరువాత జతపరచబడును' అని ఉంది, మిగతా అంతా తెల్లగా ఉంది.

"మరి ఇతని పేజీ ఏదీ?" అన్నాడు.